ఇండ్ల నడుమ బడి

నెల్లూరినుండి కోవూరు మీదుగా మా విడవలూరికి వచ్చు దారిలో, నిన్నమొన్నటివరకు వరి పండిన పొలములలో అక్కడక్కడ తెల్లని హద్దురాళ్లు కానవచ్చుచున్నవి. రాళ్ల నడుమ ఎఱ్ఱమట్టి బాటలు, బాట మొగదల ఒక తోరణము, దాని ప్రక్క పెద్ద ప్రకటన ఫలకము. ఆ ఫలకముమీది మాటలను మీరును చదివియుందురు: బస్సు దారి ఇంత దూరము, ఆసుపత్రి ఇంత దూరము, పాఠశాల ఇంత దూరము.

స్థలములమ్మువారు పాఠశాల పేరును ఏల వ్రాసికొందురు? బడి చేరువనున్న స్థలమునకు వెల హెచ్చును గనుక. ఆ బడిని కట్టినవారు వారు కారు. ఎన్నడో ఎవరో ఇచ్చిన నేలమీద, ప్రజల పన్నులతో అది వెలసినది. దానివలన కలిగిన లాభములో కొంత మరల బడికి రావలెననుట నా అభిప్రాయము.

క్రొత్తగా రెండువందల యిండ్లు లేచినవనుకొందము. ఇంటికొక్క బిడ్డ చొప్పున లెక్కించినను రెండువందలమంది పిల్లలు వత్తురు. ఉన్న బడిలో గదులు తమంతట తాము పెరుగవు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ధనభారమును కేంద్ర రాష్ట్ర ప్రభుత్వములపై నుంచినది. అది న్యాయమే. కాని ప్రభుత్వధనము వచ్చులోపల పిల్లలు వసారాలలో కూర్చుండవలసి వచ్చును.

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1978లో ప్రజలు ఓటువేసి ఆస్తిపన్నును కట్టడి చేసిరి. బడుల రాబడి తగ్గెను. ఇండ్లు మాత్రము పెరుగుచునే యుండెను. అందుచేత 1986లో ఒక చట్టము చేసి, క్రొత్త యిండ్లు కట్టువారినుండి చదరపు అడుగునకింత యని రుసుము గైకొను అధికారమును పాఠశాలా మండలులకొసగిరి. రుసుము ముట్టినదని మండలి ధ్రువపత్రమీయనిదే గృహనిర్మాణమునకు అనుమతి లభింపదు. 1998 చట్టముతో, క్రొత్త బడి కట్టుటకు సగము రాష్ట్రము, సగము స్థానిక మండలి భరించు పద్ధతి వచ్చెను. ఆ రుసుము తుదకు ఇంటి వెలలో చేరి కొనువారిపైనే పడునని కొందరందురు. కొంతవరకు నిజమే. అయినను, బడి లేని చోట స్థలము కొని, తరువాత బండి బాడుగలకు ఏండ్లతరబడి చెల్లించుటకంటె అది నయము గదా!

మన జిల్లాలో దాతలకు కొదువ లేదు. 1923లో పొణకా కనకమ్మగారు బాలికలకై కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. 1875 నాటి వి.ఆర్. ఉన్నత పాఠశాల కొంతకాలము మూతపడి, 2025 జూలైలో నూతన రూపముతో మరల తెరువబడినది. ఇవి మనకు గర్వకారణములు. కాని దానము దాత మనస్సును బట్టి వచ్చును. ప్రతి లేఅవుటునకు ఒక కనకమ్మగారు దొరకరు.

నేను పనిచేసిన ఒక యూరి ముచ్చట చెప్పెదను; ఊరి పేరు అక్కఱలేదు. అచ్చటి స్థలముల పటమున ఒక గడిలో ‘పాఠశాల’ అని వ్రాసియుండెను. దానిని నమ్మి ఒక నేతపనివాడు ముగ్గురు పిల్లలకై అప్పుచేసి స్థలము కొనెను. నాలుగేండ్లకు ఆ గడిలో కల్యాణమంటపము లేచినది. పిల్లలు మూడు కిలోమీటర్లు నడచి మా బడికే వచ్చుచుండిరి. చిన్నపిల్ల వానకాలమున రాలేకపోయెడిది. నేను హాజరుపట్టీలో గైరుహాజరు వేయుచుంటిని. ఒకనాడతడు ఆ పటమును నా బల్లమీద పఱచి, “అయ్యవారూ, ఇందులో బడి ఉందే!” అనెను. నాకు బదులు తోచలేదు. పటములో ఉన్నది, దస్తావేజులో లేదు.

మన రాష్ట్రపు 2017 నాటి లేఅవుటు నియమావళి, నేలలో పదవ వంతునకు తక్కువ గాకుండ ఖాళీ స్థలముగా విడిచి స్థానిక సంస్థకు ఉచితముగా దఖలు పఱుపవలెనని విధించినది. పెద్ద లేఅవుటులలో బడి నేలకును ఇంతటి కట్టుబాటే యుండవలెను. మొదటి స్థలము అమ్ముడుపోకమునుపే బడి నేల పంచాయతీ పేర రిజిస్టరు కావలెను. గదులకయ్యెడి వ్యయములో వ్యాపారి తన వంతు చెల్లించిన పిదపనే తక్కిన స్థలముల అమ్మకమునకు అనుమతి యీయవలెను.

ఇందొక భయము లేకపోలేదు. గోడలు కట్టించినవారు బడి తమదే యనవచ్చును, ఫీజులు పెట్టవచ్చును, ప్రహరీ కట్టి, సముద్రపుటొడ్డు పాళెముల పిల్లలను వాకిటనే నిలుపవచ్చును. అట్టి బడికి నేను ఒప్పుకొనను. వ్యాపారి యిచ్చునది గోడలు మాత్రమే. ఉపాధ్యాయులను ప్రభుత్వమే నియమింపవలెను. ప్రవేశము క్రొత్త కాలనీ పిల్లలకెంతయో పాత పల్లె పిల్లలకును అంతయే యుండవలెను. గోడమీద దాత పేరు చెక్కుటకు నాకభ్యంతరము లేదు, అక్షరములు మరీ పెద్దవి కానంతవరకు.

మీ యింట ఎవరైన స్థలము కొనబోవునపుడు ఆ పటమును మీరును చూడుడు. అందు బడి గడి యున్నచో, అది ఎవరి పేర దఖలైనదో పంచాయతీ కార్యాలయమున విచారింపుమని పెద్దలతో చెప్పుడు. బయానా ఇచ్చుటకు ముందే చెప్పుడు.