హ్యాండ్‌బ్యాగులో తుపాకీ

మా అక్క కూతురు డాలస్‌లో ఉంటుంది. ఒక ఆసుపత్రి ల్యాబులో పని. చాలా రోజులు అర్ధరాత్రి దాటాకే ఇంటికి చేరుతుంది. కొంతకాలం కిందట ఫోన్ చేసి, "పిన్నీ, రోజూ బ్యాగులో పెట్టుకు తిరగడానికి పిస్తోలు కొనుక్కుందామనుకుంటున్నా. షాపువాడు రెండు చూపించాడు. ఒకటి .380, చిన్నది. ఇంకోటి 9 ఎం.ఎం. ఏది తీసుకోమంటావు?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. తుపాకుల గురించి నాకేం తెలుసు? "ఆడవాళ్ల మీద హింస గురించి పదిహేనేళ్లుగా రాస్తున్నావు కదా! తప్పించుకోవడం ఎలాగో కూడా నువ్వే చెప్పాలి" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. పేరు చెప్పనన్న హామీ మీద, తన అనుమతితోనే ఈ సంగతులు రాస్తున్నాను.

హెచ్-4 వీసా మీద ఉన్నన్నాళ్లూ ఆమెకు ఈ ప్రశ్న రాలేదు. అలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కొనడాన్ని అమెరికా కేంద్ర చట్టం, కొద్ది మినహాయింపులతో, నిషేధిస్తుంది. గ్రీన్ కార్డు రావడంతో ఆ అడ్డు తొలగింది. టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లు, చట్టరీత్యా అనర్హులు కాకపోతే, లైసెన్సు లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకుని తిరగవచ్చు. అల్లుడు అప్పటికే ఒకటి కొన్నాడట.

ఆమె ప్రశ్నను తీసిపారేయదలచుకోలేదు. భయంతో ఫోన్ చేసిన మనిషికి ఉపన్యాసం ఇవ్వడం మన పని కాదు. అందుకని కూర్చుని చదివాను. .380, 9 ఎం.ఎం. తూటాల వ్యాసం ఇంచుమించు ఒకటే. .380లో మందు తక్కువ, కాబట్టి దాని శక్తి కూడా తక్కువ. తుపాకీ ఎంత చిన్నదైతే అంత సులువుగా దాచుకోవచ్చు. కానీ ఎంత తేలికైతే పేల్చినప్పుడు చేతిని అంత గట్టిగా తన్నుతుంది, గురి కుదరడమూ కష్టమే. అంటే "ఆడవాళ్లకు ఇది చాలు" అని చేతిలో పెట్టే బుల్లి పిస్తోలే చాలాసార్లు కొత్తవాళ్లకు లొంగనిది. ఎఫ్.బి.ఐ. కూడా 2010 దశకం మధ్యలో .40 కాలిబర్ వదిలి 9 ఎం.ఎం.కి తిరిగి వచ్చింది. తూటా సైజుకన్నా గురిగా, వెంటవెంటనే పేల్చగలగడం ముఖ్యమని వాళ్లు తేల్చుకున్నారు. ఈ లెక్కన మా అమ్మాయి అడిగినదానికి జవాబు ఉంది: చేతికి సరిగ్గా ఇమిడే 9 ఎం.ఎం., విడవకుండా సాధన. తుపాకీ దుకాణంలో ప్రశ్న అక్కడితో తీరిపోతుంది. మనం అడగాల్సినవి ఆ తర్వాతే మొదలవుతాయి.

ఆడవాళ్ల భయాన్ని అమ్ముకోవచ్చని తుపాకీ కంపెనీలు ఎప్పుడో గ్రహించాయి. స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1989లోనే స్త్రీల కోసమంటూ 'లేడీ స్మిత్' రివాల్వర్లను తెచ్చింది. మన ప్రభుత్వమూ వెనకబడలేదు. 2012 డిసెంబరు ఢిల్లీ అత్యాచారం తర్వాత, 2014 జనవరిలో, కాన్పూరులోని ప్రభుత్వ ఆయుధ కర్మాగారం 'నిర్భీక్' అనే రివాల్వరును విడుదల చేసింది. బరువు 500 గ్రాములు, .32 బోరు, ధర 1,22,360 రూపాయలు. ఆడవాళ్లకు ముచ్చటగా ఉంటుందని నగల పెట్టెలాంటి పెట్టెలో పెట్టి మరీ ఇచ్చారు. ఆ బోరు ఎంపికలో కూడా స్త్రీల ప్రమేయం ఏమీ లేదు. 9 ఎం.ఎం., .38 వంటి పోలీసు, సైనిక బోర్లు మన దేశంలో మామూలు పౌరులకు నిషిద్ధం కాబట్టి మిగిలింది .32. ఒక అమ్మాయి చావును తలపించే పేరు పెట్టి, ఆ చావుకు జవాబు చెప్పాల్సిన రాజ్యమే, "మీ రక్షణ మీరే కొనుక్కోండి" అని బిల్లు చేతిలో పెట్టింది.

ఆ బిల్లు ఎవరు కట్టగలరు? షిఫ్టు దిగి షేర్ ఆటో కోసం నిలబడే అమ్మాయా? పత్తి చేలో కూలికెళ్లే ఆమెా? ఒకవేళ కొనగలిగినా, ఒంటరి స్త్రీ చేతిలోని ఆయుధం కులం ముందు ఎంతసేపు నిలుస్తుంది? 1985 జూలైలో కారంచేడులో ఏం జరిగిందో మనం మరచిపోలేదు. చెరువు నీళ్లు పాడు చేయొద్దన్నందుకు కొట్టడానికొస్తే ఒక మాదిగ స్త్రీ తన చేతిలో ఉన్న బిందె ఎత్తి ఎదిరించింది. మర్నాడు పల్లె మీద మూకుమ్మడిగా పడ్డారు. ఆరుగురిని చంపారు. ఆమె ఆత్మరక్షణ తప్పు కాదు. కానీ ఎదుట ఉన్నది ఒక్క మనిషి కాదు, ఊరి అధికారం మొత్తం. దానికి ఏ కాలిబర్ సరిపోతుంది?

అసలు ప్రశ్న ఇంకొకటుంది. బ్యాగులో తుపాకీ పెట్టుకునే స్త్రీ మనసులో ఒక దృశ్యం ఉంటుంది: చీకటి, పార్కింగ్ స్థలం, ముక్కూ మొహం తెలియని మగవాడు. ఆ భయం ఉత్తది కాదు. కానీ మన జాతీయ నేర గణాంకాలు ఏటేటా చెప్పేది వేరు. అత్యాచార కేసుల్లో తొంభై శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. స్త్రీలపై నేరాల్లో అన్నిటికన్నా పెద్ద పద్దు భర్త, అత్తింటివారి క్రూరత్వానిది. మన సంస్థల తలుపు తట్టే స్త్రీల అనుభవమూ ఇదే. తెలిసిన మగవాడు ఇంట్లోనే ఉన్నప్పుడు, ఆ తుపాకీ ఎక్కడ ఉంటుందో, ఎలా పేల్చాలో అతనికీ తెలుసు.

అమెరికాలో భాగస్వాముల చేతిలో హత్యకు గురైన స్త్రీల గురించి 2003లో జాక్వెలిన్ క్యాంప్‌బెల్, ఆమె సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. హింసించే మగవాడికి తుపాకీ అందుబాటులో ఉంటే స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం ఐదు రెట్లకు పైగా పెరుగుతుందని తేలింది. బ్యాగు సంగతికొస్తే, 2014 డిసెంబరులో ఐడహో రాష్ట్రంలో ఒక దుకాణంలో రెండేళ్ల పిల్లవాడు తల్లి బ్యాగులో చెయ్యి పెట్టాడు. అందులో ఉన్న పిస్తోలు పేలి ఆ తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆ బ్యాగు తుపాకీ దాచుకోవడానికి ప్రత్యేకంగా తయారుచేసిందే.

ఇది చదివి, స్త్రీలు ఎదురు తిరగకూడదని నేను అంటున్నానని ఎవరూ అనుకోవద్దు. అత్యాచారం, అపహరణ, యాసిడ్ దాడి జరుగుతుంటే దాడి చేసినవాడి ప్రాణం పోయేంతవరకూ ఎదిరించే హక్కును చట్టమే ఇస్తోంది. ఇదివరకటి ఐ.పి.సి. 100వ సెక్షనే 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలో 38వ సెక్షను. తెలంగాణ సాయుధ పోరాటంలో మన ముందుతరం స్త్రీలు తుపాకీ పట్టారు. కానీ వాళ్ల వెనక దళం ఉంది, ఊరు ఉంది. 1990ల మొదట్లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు వాళ్ల బలం పక్కన నిలబడ్డ మరో ఆడమనిషే. హ్యాండ్‌బ్యాగు తుపాకీ మాత్రం ప్రతి స్త్రీనీ తన భయంతో తనను ఒంటరిగా వదిలేస్తుంది.

వారం తర్వాత మా అమ్మాయికి నేనే ఫోన్ చేశాను. కాలిబర్ సంగతి చెప్పాను. తర్వాత మూడు ప్రశ్నలు అడిగాను. ఇంట్లో ఉన్న తుపాకీ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? దాని గురించి ఇంట్లో ఎప్పుడైనా కోపంలో మాట వచ్చిందా? ఈ మధ్య నీకు అన్నిటికన్నా భయం వేసినప్పుడు ఎదురుగా ఎవరున్నారు? చాలాసేపు ఆమె ఏమీ మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "డబ్బుల విషయంలో గొడవైంది పిన్నీ. ఆయన పిస్తోలు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టి, ఇప్పుడు మాట్లాడు అన్నాడు" అంది. పార్కింగ్ స్థలంలో తనకు ఎన్నడూ ఏమీ జరగలేదని కూడా అప్పుడే చెప్పింది.

ఆ దేశంలో గృహహింస రక్షణ ఉత్తర్వు కింద ఉన్న మనిషి తుపాకీ కలిగి ఉండకూడదనే చట్టాన్ని 2024 జూన్‌లో సుప్రీంకోర్టు రహీమీ కేసులో సమర్థించింది. ఆ కేసు మొదలైంది టెక్సాస్‌లోనే. ఈ సంగతి ఆమెకు తెలియదు. ఇప్పుడు స్నేహితురాలి ఇంట్లో ఉంటూ వకీలుతో మాట్లాడుతోంది. పిస్తోలు కొనలేదు.

ఇక్కడ పనిచేసే మనకు ఇందులో నేర్చుకోవాల్సింది ఉంది. కేసు రాసుకునేటప్పుడు కొడతాడా, తాగుతాడా అని అడుగుతాం. ఇంట్లో ఆయుధం ఉందా అని ఎంతమందిమి అడుగుతున్నాం? తుపాకీయే కానక్కర్లేదు, కత్తి, గొడ్డలి, యాసిడ్ సీసా ఏదైనా కావచ్చు. అది గృహహింస నివేదికలో తప్పక రాయాలి. 2006 గృహహింస నిబంధనల ప్రకారం, మేజిస్ట్రేటు ఆదేశిస్తే, హింసకు వాడిన ఆయుధాన్ని స్వాధీనం చేసుకునే బాధ్యత రక్షణాధికారిది. ఆ ఆదేశం కోసం పిటిషన్‌లోనే అడగాలి. ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉంటే, ప్రజల భద్రత కోసం ఆ లైసెన్సును నిలిపివేసే, రద్దు చేసే అధికారం ఆయుధ చట్టం 17వ సెక్షను కింద లైసెన్సు ఇచ్చిన అధికారికి ఉంది. దానికీ అర్జీ పెట్టవచ్చు. మగవాడికి లైసెన్సు ఇచ్చేముందు అతని భార్యను విడిగా, భయం లేని చోట కూర్చోబెట్టి మాట్లాడాలని మనం ప్రభుత్వాన్ని డిమాండ్ చేయాలి.

ఈ ప్రశ్నను మీ కేసు ఫారాల్లో ఇప్పటికే చేర్చి ఉంటే, ఏమేం తెలిసిందో మాకు రాయండి. వచ్చే సంచికలో ఆ అనుభవాలను పంచుకుందాం.