కామా చిన్నదే, తేడా వెయ్యింతలు!

సిద్దిపేట జిల్లా మిరుదొడ్డిలో ఒక రైతు 18 క్వింటాళ్ళ పత్తి అమ్మాడనుకోండి. క్వింటాలు ధర 7,000 రూపాయలు. తొమ్మిదో తరగతి చదివే కూతురు సెల్‌ఫోనులోని కాలిక్యులేటర్ మీద గుణించింది. 126,000 అని వచ్చింది. "ఎన్ని లక్షలైతయి బిడ్డా?" అని తండ్రి అడిగాడు. ఆమె ఒక్క క్షణం తడబడింది. అదే 1,26,000 అని కనిపిస్తే "లక్షా ఇరవై ఆరు వేలు నాయినా" అని చటుక్కున చెప్పేది కదా!

యంత్రం తప్పు చేసిందా? లేదు. దాని లోపల సంఖ్య 0, 1 అంకెలతోనే ఉంటుంది, అక్కడ కామాలుండవు. జవాబును తెరమీదికి తెచ్చేటప్పుడే ఏదో ఒక దేశపు అలవాటు ప్రకారం కామాలు చేరుస్తుంది. మనం కుడివైపునుంచి మొదట మూడంకెలు, తరువాత రెండేసి అంకెలు విడదీస్తాం. అమెరికాలో అన్నీ మూడేసే.

ఇది చదవడంలో వచ్చే ఇబ్బంది మాత్రమే. అసలు ప్రమాదం వేరే ఉంది. జర్మనీలో దశాంశానికి కామా, వేలు విడదీయడానికి చుక్క వాడతారు. ఒకటింబావు కిలోల విత్తనాలను మనం 1.250 అని రాస్తాం. జర్మనీ పద్ధతికి అమర్చిన ప్రోగ్రాము దాన్ని 1250 కిలోలుగా చదువుకోవచ్చు! హెచ్చరికా రాదు. దాని దృష్టిలో అది సరైన సంఖ్యే మరి.

ఎవరి పద్ధతి గొప్పదన్న వాదన అనవసరం. దశాంశానికి చుక్క గాని, కామా గాని వాడవచ్చని 2003లో తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభ తీర్మానించింది. పెద్ద సంఖ్యల్లో మూడేసి అంకెల మధ్య ఖాళీ వదలవచ్చు గాని, చుక్కలు, కామాలు పెట్టవద్దంది. శాస్త్రజ్ఞులకు ఇది చాలు. లక్షల్లో, కోట్లలో ఆలోచించే రైతుకు చాలదు.

అందుకే యంత్రమే మనిషి అలవాటుకు ఒదగాలని నా అభిప్రాయం. ఇది కష్టం కాదు. ఏ భాషవారు సంఖ్యలను ఎలా రాస్తారో యూనికోడ్ సంస్థ సేకరించి ఉంచింది. అందులో తెలుగు పద్ధతి కూడా ఉంది. ప్రోగ్రాములు రాసేవారు దాన్ని వాడుకుంటే చాలు. అనుమానం వచ్చినచోట యంత్రం ఊహించకూడదు, మనల్ని అడగాలి.

మీరు మాత్రం మీట నొక్కేముందే జవాబు అంచనా కట్టండి. 7,000ను 20తో గుణిస్తే లక్షా నలభై వేలు. 18తో అంతకు కొంచెం తక్కువ రావాలి. ఈ అలవాటుంటే ఏ దేశపు కామా కూడా మిమ్మల్ని మోసగించలేదు!