25 లక్షల కార్డు ఉంటే సరిపోతుందా?

హాస్టల్లో ఆరోగ్యశ్రీ మాట వస్తే చాలు, ఎవరో ఒకరు "25 లక్షల దాకా గవర్నమెంటే కడుతుంది కదా, ఇంకేం భయం?" అంటారు. 2007లో మొదలైన ఈ పథకం (ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ) చాలా కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది, కాదనను. 2023 డిసెంబర్‌లో పరిమితిని 25 లక్షలకు పెంచారు. కానీ పరిమితి పెంచితే క్యాన్సర్ బిల్లు తగ్గదు. మన జేబు మీద ఉన్న బరువు ఖజానా మీదికి మారుతుంది, అంతే.

ఆ ఖజానాకీ ఒక హద్దుంది. 2025 అక్టోబర్‌లో బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు ఈ పథకం కింద సేవలు ఆపేశాయి. కౌంటర్ దగ్గర కుదరదంటే కార్డు మీద ఎన్ని లక్షలుంటే ఏం లాభం?

మరి బిల్లు తగ్గేదెలా? నాకు రెండు దారులు కనిపిస్తున్నాయి.

ఒకటి, మందు ధర. కాలేయం, కిడ్నీ క్యాన్సర్లకు వాడే బేయర్ కంపెనీ మందు నెక్సావర్ ఒకప్పుడు నెలకు సుమారు 2.8 లక్షలు. 2012లో మన హైదరాబాద్ కంపెనీ నాట్కోకి తప్పనిసరి లైసెన్సు ఇచ్చాక, అదే మందు నెలకు 9,000 లోపే వచ్చింది. అంటే అంత ధర పలికింది పేటెంట్ వల్ల, తయారీ ఖర్చు వల్ల కాదు. ప్రభుత్వం ముందు ధర గురించి గట్టిగా బేరమాడాలి, పరిమితి సంగతి తర్వాత.

రెండోది, టైమ్. బగ్‌ని కోడ్ రాసేటప్పుడే పట్టుకుంటే పది నిమిషాల పని. యాప్ జనంలోకి వెళ్లాక దొరికితే టీమ్ మొత్తానికి నిద్ర ఉండదు. క్యాన్సర్ కూడా అంతే. ముదిరాక దొరికితే ఖర్చు ఎక్కువ, బతికే అవకాశం తక్కువ.

మా చిట్టమూరు నుంచి చికిత్సకు పోవాలంటే నాయుడుపేట వెళ్లి, అక్కణ్ణుంచి తిరుపతికో చెన్నైకో పోవాలి. రేడియేషన్ అంటే వారానికి అయిదు రోజులు, చాలామందికి అయిదారు వారాలు. తోడు వెళ్లినవాళ్లు పోగొట్టుకునే కూలి, అక్కడ గది అద్దె, తిండి ఖర్చు ఎవరి లెక్కలోకీ రావు. నాట్లేసే రోజుల్లో ఒక మనిషి నెలన్నర ఇంట్లో లేకపోతే ఏమవుతుందో ఊళ్లో వాళ్లకే తెలుసు.

2024 నవంబర్ నుంచి రాష్ట్రంలో ఇంటింటికీ వచ్చి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు స్క్రీనింగ్ చేస్తున్నారు. నా దృష్టిలో 25 లక్షల కన్నా ఇదే పెద్ద పథకం. అనుమానం వచ్చినవాళ్లకు తర్వాతి పరీక్షలు కూడా దగ్గర్లోనే, వెంటనే జరిగితేనే దీనికి అర్థం. డబ్బు ముందు అక్కడ పెట్టాలి.

మన వంతు కూడా ఒకటుంది. ఏఎన్ఎమ్ గుమ్మంలోకి వస్తే మన అమ్మలు, పిన్నమ్మలు "నాకేం నొప్పి లేదులేమ్మా" అని పంపించేస్తారు. మొదట్లో చాలా గడ్డలు నొప్పి పుట్టవు. ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఆ మాట చెప్పండి. సిగ్గుపడే విషయం కాదని కూడా చెప్పండి.