ఆవకాయ పెట్టడం మీకూ రావాలి
పిల్లలూ! మన శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ఉల్లి, బంగాళాదుంపలు మెయిన్‌లాండ్ నుంచి ఓడల్లో రావాలి. తుఫాను రేగితే ఓడ ఆగుతుంది, బజారులో ధర పెరుగుతుంది. ఆ రోజుల్లో మనల్ని ఆదుకునేది ఆవకాయ జాడీయే. మరి దాన్ని నింపడం మీలో ఎందరికి వచ్చు? “అమ్మమ్మ పంపుతుంది” అంటే ఎన్నాళ్లు?

ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. ఉప్పు ముక్కలోని నీటిని లాగుతుంది. పైన తేలే నూనె గాలి తగలనివ్వదు. అందుకే బూజు పట్టదు. తడి గరిటె పెడితే మాత్రం శ్రమంతా వృథా. ఇక్కడ మే నుంచి డిసెంబరు దాకా వానలే కనుక మాగాయ ముక్కలు, ఒరుగులు ఏప్రిల్‌లోపే ఎండబెట్టుకోవాలి.

అబ్బాయిలూ, ఇది మీకు కూడా! బదిలీ సామానులో జాడీ పగలవచ్చు. చేతికొచ్చిన విద్య మనతోనే వస్తుంది. ఈసారి అమ్మ మామిడికాయ కొట్టేటప్పుడు పక్కన కూర్చోండి. ఉప్పు మీరే కొలిచి వేయండి.