‘కొంచెం కష్టం’ అంటే లేదనే!

కె-డ్రామాలో హీరోయిన్ "నాకేం ఫర్లేదు" అంటే, లోపల చాలా ఉందని మనకు ఇట్టే తెలిసిపోతుంది కదా? వెనకాల మ్యూజిక్ వస్తుంది మరి. ఫ్యాక్టరీలో ఆ మ్యూజిక్ రాదు. నేను బోల్తా పడింది అక్కడే.

మాది బత్తలపల్లె. 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవడం మొదలయ్యాక ఆ చుట్టుపక్కల విడిభాగాల కంపెనీలొచ్చాయి, కొరియన్ అక్షరాల బోర్డులొచ్చాయి. వానను నమ్ముకుని చెనిక్కాయ వేసి అలిసిపోయిన ఇళ్ల పిల్లోళ్లకు పనులూ వచ్చాయి. నేనూ ఒక చిన్న కంపెనీలో చేరాను. మేనేజర్ కొరియా ఆయన.

చెల్లెలి నిశ్చితార్థానికి రెండు రోజులు సెలవడిగాను. ఆయన పళ్ల సందున గాలి పీల్చి, క్యాలెండర్ వైపు చూసి, "కొంచెం కష్టంగా ఉండొచ్చు" అన్నాడు. మన లెక్కలో కష్టమంటే ఏంది? కష్టపడితే అవుతుందనే! థాంక్యూ సార్ అని వచ్చేశా. తిరిగెళ్లేసరికి జీతం కట్, పైగా పర్మనెంట్ లిస్టులో నా పేరు లేదు. ఆయన ఒక్క మాటా అనలేదు. అరిచింటే బాగుండు.

"అది లేదనడమేప్పా" అన్నాడు మా ట్రాన్స్‌లేటర్ అన్న. ముఖమ్మీద లేదనడం వాళ్లకు మోటు. చెప్పని మాటను పట్టుకోవడాన్ని ‘నున్చి’ అంటారంట, కంటితో కొలవడమని.

మొదట మండింది. తర్వాత ఆలోచిస్తే, మనమేం తక్కువ? బియ్యం అయిపోతే ‘నిండుకున్నాయి’ అంటాం. దీపం ఆరిపోదు, ‘కొండెక్కుతుంది’. శుక్రవారానికి పని అయిపోతుందా అని ఆయన అడిగినప్పుడు, కాదని తెలిసీ "అయితాది సార్" అన్నది నేనే. పెద్దాయనకు కాదని ఎట్లా చెప్తాం? ఆయన దాన్ని డైరీలో రాసుకున్నాడు. పాపం, ఆయనకు మాత్రం ఎవరు చెప్పాలి?

కాకపోతే ఒక తేడా ఉంది. ఆయన మాట నాకు అర్థం కాకపోయినా నష్టం నాదే, నా మాట ఆయనకు అర్థం కాకపోయినా నష్టం నాదే. ఈ నున్చి ఎప్పుడూ కిందోడి డ్యూటీనే. కొరియా కుర్రాళ్లకూ ఇది మంటే. నీతులు చెప్పి పెత్తనం చేసే పెద్దోళ్లకు వాళ్లు ‘క్కొందే’ అని పేరు పెట్టారు.

పోయిన నెల సార్‌ను భోజనానికి పిలిచా. షూస్ బయట విడవమని చెప్పే పనే పడలేదు, వాళ్లకూ అదే అలవాటు. రాగిసంగటి, చెనిక్కాయ ఊరిమిండి. అమ్మ రెండో ముద్ద తెస్తే "నో, నో" అని తట్ట వెనక్కి లాక్కున్నాడు.

"వద్దంటున్నాడు మా!"

"నీకేం తెలుసురా, ముఖం చూడు" అని వేసేసింది. ఆయన తలొంచుకుని మొత్తం తినేశాడు.

పర్మనెంట్ సంగతి మొన్న మళ్లీ అడిగా. "ఆలోచిద్దాం" అన్నాడు. అమ్మను తోడు తీసుకుపోయి ఉండాల్సింది.