కారవాన్ కొంటారా? ముందు కాగితం చూడండి!

నంద్యాలలో మా ఫ్రెండ్స్ నలుగురు డబ్బులేసుకుని కారవాన్ కొని అద్దెకు తిప్పుదామంటున్నారు. మహానంది చూపించి, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం... ప్లాన్ అదిరింది! పేచీ ఒక్కటే: పెద్ద కంపెనీ బండా, చిన్న వర్క్‌షాప్‌లో చేయించిందా?

చిన్న వర్క్‌షాప్ అంటే నాకు చిన్నచూపేం లేదు. మంచం, స్టవ్ మనకు కావాల్సిన చోటే పెడతారు. పని జరుగుతుంటే దగ్గరుండి చూసుకోవచ్చు. పెద్ద కంపెనీలో ఆ వీలు తక్కువ. కానీ టెస్టింగ్, వారంటీ పక్కాగా ఉంటాయి.

అసలు మెలిక వేరే ఉంది. వ్యాన్ కొని లోపల ఇల్లు కట్టేస్తే కుదరదు. మోటారు వాహనాల చట్టం (1988) సెక్షన్ 52 ప్రకారం, ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణమే ఉంది. ఆ సర్టిఫికెట్ లేని బండికి ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కే. పైగా గ్యాస్ సిలిండర్, బ్యాటరీ వైరింగ్ పక్కనే మనుషులు పడుకుంటారు!

అందుకే వాళ్లకు చెప్పాను: అడ్వాన్స్ ఇచ్చే ముందే రెండు అడగండి. సర్టిఫికెట్ ఏది? ఆళ్లగడ్డ దాటాక ఏదైనా చెడిపోతే రిపేరుకు ఎవరొస్తారు? సూటిగా జవాబిస్తే చిన్నవాళ్లైనా ఓకే. నీళ్లు నమిలితే, ఎంత పెద్ద పేరైనా దండం పెట్టి వచ్చేయండి.