పెరటితోట: నీడపట్టున నాటదగిన యాకుమొక్కలు

పూవు లేకున్నను ఆకుసొంపు చేతనే పెరటికి శోభ గూర్చు మొక్కలను గూర్చి యీ నెల ముచ్చటించుకొందము. ప్రతి గృహమునందును వంటయింటి వెనుకనో, స్నానపుగది ప్రక్కనో గోడనీడ పడు నేల కొంత యుండును. అచ్చట మల్లె పూయదు, వంగ కాయదు. కొందఱు దానిని విఱిగిన సామానులకు విడుతురు. కొందఱు సిమెంటు పోయింతురు. జగ్గయ్యపేట ప్రాంతమున సున్నపురాయియు, సిమెంటు కర్మాగారములును గలవు గనుక మన సీమలో సిమెంటునకు కొదువ లేదు. కాని పెరడంతయు కప్పివేసినచో వాననీరు నేలలో నింకుటకు దారి యుండదు. కూరాకునకు చోటును ఉండదు. కావున ఆ నీడపట్టును నిలుపుకొని, దానినుండి సంసారమునకు లాభము పొందుట యెట్లో తెలుపదలచితిమి.

విదేశపు తోటల చిత్రములలో వెడలుపాటి యాకులు గుత్తులు గుత్తులుగా పెరిగి, నీడనంతయు నింపు నొక మొక్కను మీలో పలువురు చూచియుందురు. దాని పేరు హోస్టా. జపాను, కొరియా, చీనా దేశములు దాని పుట్టినిండ్లు. ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడగు హోస్టు పేరిట 1812లో దాని కీ నామ మేర్పడెను. జపానువారు దాని లేతమొలకలను ఉరుయి యను పేర కూరగా వండుకొందురు. ఇంత చక్కని మొక్క మన కేల దక్కదనగా, అది చలికాలమున కొన్ని వారములపాటు గడ్డకట్టునంతటి చలిలో నిద్రించి తీరవలెను. కంచికచర్లలో మార్గశిర పుష్యములందు సైతము అట్టి చలి రాదు. పైగా మన మెట్టసీమ గ్రీష్మమున 40 డిగ్రీలు దాటుట ఏటేట చూచుచున్నాము. కావున ధనము పోసి దాని దుంపలు తెప్పించుకొన్నను నిలుపుకొనుట దుస్సాధ్యము.

చింతింప బనిలేదు. హోస్టా చేయు పనియంతయు చేసి, పైపెచ్చు దుంపయు కూరాకును ఇచ్చు చేమ మనకు గలదు. చేమదుంపలను మృగశిర కార్తెలో తొలకరి పడినపిమ్మట రెండు మూడంగుళముల లోతున, మొక్కకు మొక్కకు అడుగున్నర యెడముగా నాటవలెను. సగమెండ సగము నీడ దానికి హితము. ఎండ బొత్తిగా సోకనిచోట ఆకు పెరుగును గాని దుంప యూరదు. పశువులయెరువు బాగుగా మ్రగ్గినది వేయుచు, తడి యాఱకుండ చూచుకొన్నచో సంక్రాంతినాటికి ఆకులు పసుపువన్నెకు దిరిగి దుంప త్రవ్వుటకు వచ్చును.

చేమ యొక్కటియే చాలదు. నేలస్వభావము ననుసరించి దానికి తోడు కావలెను. కాలువ దరిని తడినేల చేమది. ఆ వెనుక గట్టువలె ఎత్తుచేసిన మడి పసుపునది. మన నల్లరేగడిలో నీరు నిలిచినచో పసుపుకొమ్ము కుళ్లును గనుక ఆ మడిలో ఇసుకయు, ఎరువును కలుపవలెను. జ్యేష్ఠాషాఢములలో నాటిన పసుపు మాఘఫాల్గుణములకు చేతికి వచ్చును. మూలను మూడడుగుల యెడముగా గుంటలు త్రవ్వి కంద నాటవలెను. కందగడ్డను కోసి నాటునప్పుడు ప్రతిముక్కకును నడిమి మొలకకంటిలో కొంతభాగ ముండవలెను. ముక్కలను పేడనీట ముంచి, నీడనార్చి నాటుట పెద్దల వాడుక. గోదావరీతీరమున కొవ్వూరునందు ఎన్నిక చేయబడిన గజేంద్ర రకపు కంద దురద లేనిదని ప్రసిద్ధి. అమరకోశమున కందకు అర్శోఘ్నమని పేరు. మూలరోగమును పోగొట్టునదని యర్థము. పేరునుబట్టి వైద్యము చేసికొనరాదు గాని కూరగా అది మంచిదే. పసుపునకు ఆ గ్రంథముననే వరవర్ణిని యను పేరు గలదు. ఉత్తమస్త్రీకిని అదియే పేరు.

వీనికి పైన పలుచని నీడ యిచ్చుటకు ఒక అవిసెచెట్టును, దానిపై ప్రాకుటకు ఒక తమలపాకుతీగను పెట్టుకొనవచ్చును. తమలపాకుతోటల కాపులు అవిసెపైననే తీగ ప్రాకింతురు. అవిసెయాకు సందులనుండి వెలుతురు జాఱును. వేసవి వడగాడ్పు తీగకు నేరుగా తగులదు.

ఇక ముఖ్యముగా హెచ్చరింపవలసిన సంగతి యొకటి గలదు. కంద, చేమలలో సూదులవంటి సూక్ష్మస్ఫటికములు గలవు. కాల్షియము ఆక్సలేటు అను పదార్థముచే నేర్పడిన ఆ సూదులే దురదకు కారణము. అందువలననే మన తల్లులు చేతులకు నూనె వ్రాసికొని చేమ కోయుటయు, చింతపండు వేసి మెత్తగా నుడికించుటయు ఆచారముగా పెట్టిరి. చేమయాకును, దుంపను పచ్చిగా నెన్నడును తినరాదు. మూత్రపిండములలో రాళ్లున్నవారు వైద్యు నడుగక చేమకూర తినరాదు.

అయితే నేడు అలంకారమునకై కుండీలలో పెంచు కలాడియము, డిఫెన్‌బేకియా, మనీప్లాంటు మొదలగువానియందును ఆ సూదులే గలవు. అవి వండినను భక్ష్యములు గావు. కలాడియపుటాకు చూపునకు అచ్చముగా చేమయాకే. ఒకే మడిలో రెంటిని కలిపి నాటిన యింట, సాయంకాలపు తొందరలో కోడలో, పనికి వచ్చిన బాలికయో ఏది కోసినదో యెవరెఱుగుదురు? ఆడుకొను శిశువు దేనిని కొఱుకునో యెవరెఱుగుదురు? కావున తినెడు ఆకు నేలపై, చూచెడు ఆకు శిశువుల చేతి కందని యెత్తున కుండీలో నుండవలెను. పొరబాటున బిడ్డ కొఱికినచో నోటిలోని ముక్కను తీసివేసి, నోరు చల్లని నీటితో కడిగి, చల్లని పాలో నీళ్లో కొంచెము కొంచెముగా త్రాగింపవలెను. వాంతి చేయింప యత్నింపరాదు. నాలుక వాచినను, మ్రింగుటకుగాని ఊపిరికిగాని యిబ్బంది కలిగినను క్షణమైన నాలసింపక ఆసుపత్రికి గొనిపోవలెను.

నీటిమాట యొకటి చెప్పి ముగింతుము. బియ్యము, కూరలు కడిగిన నీరు ఈ మడికి అమృతమే. స్నానపునీటిని కూడ పాఱింపవచ్చును గాని బట్టలసబ్బు నురుగును వేఱుదారికి మరల్పవలెను. నీరు నిలువ కూడదు, పాఱవలెను. ఉష్ణదేశమున నిలిచిన నీట దోమగ్రుడ్డు వారము పదిదినములలోనే దోమయగును. కుండీల క్రింది పళ్లెములను వారమున కొకమాఱైనను వంచి, తోమి, ఆఱబెట్టవలెను.

ఆఱడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు నేల యున్నను చేమ, పసుపు రెండును ఇముడును. కందకు, అవిసెకు ఇంకొంచెము చోటు వలయును. ఇల్లు బాగుచేయించు సోదరీమణులు ఆ మాత్రపు నేలపై సిమెంటు పోయింపవద్దని ముందే మేస్త్రికి చెప్పి యుంచవలెను. వచ్చు నెల చేమకూర పులుసులను గూర్చి వ్రాయుదుము.